టీ పెట్టగలరా అని అడిగారు

(ఉత్తర ఇంగ్లండులో మా ఊరి తెలుగు సంఘం ఉగాది సభలో 2025 మార్చి 30న మాట్లాడింది. పది నిమిషాలు ఇచ్చారు, ఎంత తీసుకున్నానో అడక్కండి. ఎవరో ఫోన్లో రికార్డు చేసి పంపితే విని టైప్ చేశా, పెద్దగా ఏమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం అండి. విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. ఇవాళ ఇక్కడ మదర్స్ డే కూడా, కాబట్టి అమ్మలందరికీ ఆ శుభాకాంక్షలు కూడా. పైగా రాత్రి గడియారాలు గంట ముందుకి జరిగాయి, అంచేత పదకొండింటికి అన్న సభ పన్నెండున్నరకి మొదలైనా ఈ ఒక్క ఏడాదికి మనకి సాకు దొరికింది. ప్రెసిడెంట్ గారికి, కమిటీ వాళ్ళకి, ఈ దేశంలో మామిడాకులు ఎక్కడ సంపాదించారో గానీ తోరణం కట్టిన కుర్రాళ్ళకి, కుర్చీలు వేసినవాళ్ళకి, ఇంకా వంటింట్లోనే ఉన్నవాళ్ళకి నమస్కారాలు. వంటింట్లో ఉన్నవాళ్ళకి నా నమస్కారం వినపడట్లేదు, ఎందుకంటే వంటింట్లో ఉన్నారు కదా. నేను మాట్లాడబోయేది కూడా వాళ్ళ గురించే అనుకోండి, అక్కడికే వస్తా.

నాకిచ్చిన టాపిక్ "పిల్లల చదువు, ఆటలు, సమతుల్యం". రెండు కాగితాలు రాసుకొచ్చా కూడా, ఇవిగో. కానీ నిన్న సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది, ఆ తర్వాత ఇవి చదవబుద్ధి కావట్లేదు. ఆ ఫోన్ సంగతి చివర్లో చెప్తా. వద్దులెండి, చివరికి మర్చిపోతా, ఇప్పుడే చెప్పేస్తా. మా రగ్బీ క్లబ్బులో తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకి కోచింగ్ ఇచ్చే ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఈస్టర్ తర్వాత వెళ్ళిపోతున్నారు. ఆయన ప్లేసులో ఇంకోళ్ళు రాకపోతే ఆ గ్రూపు మూసేయాలి. 31 మంది పిల్లలు. అందులో మనవాళ్ళ పిల్లలే తొమ్మిది మంది. అదిగో వెనకాల బెలూన్లు పగలగొడుతున్నారే, వాళ్ళే.

నాకు రగ్బీ అంటే ఏంటో తెలీదండి ఈ దేశం వచ్చేదాకా. మాది తణుకు దగ్గర పల్లెటూరు, హైస్కూల్లో కబడ్డీ ఆడా, ఒకసారి మండలం లెవెల్ దాకా వెళ్ళా, అంతే నా క్రీడా జీవితం. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు వాడి క్లాస్మేట్ వెళ్తున్నాడని వీడూ వెళ్తానన్నాడు, తీసుకెళ్ళా. చూస్తే కోడిగుడ్డు లాంటి బంతి పట్టుకుని కబడ్డీ ఆడుతున్నట్టుంది. చేత్తో బంతిని ముందుకి విసరకూడదట, పక్కకో వెనక్కో ఇవ్వాలట, మనిషి మాత్రం ముందుకే పరిగెత్తాలట. ఇదేం ఆటరా దేవుడా అనుకుని కార్లో కూర్చుని ఫోన్ చూసుకున్నా. మొదటి ఏడాదంతా నేను అదే అండి, కార్లో కూర్చునే తల్లిని. కాబట్టి ఇవాళ నేను ఎవర్నైనా అంటే నన్ను కూడా కలుపుకునే అంటున్నా.

రెండో ఏడు ఒక శుక్రవారం సాయంత్రం క్లబ్ సెక్రటరీ ఫోన్ చేశారు, డెబ్భై దాటిన పెద్దాయన. రేపు సీనియర్స్ మ్యాచ్ ఉంది, టీ చూసుకునే ఆవిడకి ఒంట్లో బాలేదు, మీరు టీ చూసుకోగలరా అన్నారు. టీయే కదా అనుకున్నా. ఎంతమందికి అంటే నలభై మందికి అన్నారు. నాకు తెలిసిన టీ ఒకటే, పాలు, అల్లం, యాలకులు, చిక్కగా. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలన్నీ దించా, పక్కింటివాళ్ళ ఫ్లాస్కులు అడిగి తెచ్చుకున్నా, మా ఆయన చేత అల్లం దంపించా. మ్యాచ్ అయ్యింది. అటు ఇరవై మంది ఇటు ఇరవై మంది, ఒక్కొక్కళ్ళు వంద కేజీలు, స్నానాలు చేసి వచ్చి బల్ల ముందు లైన్లో నిలబడ్డారు. నేను చిన్న పేపర్ కప్పుల్లో పోసి ఇచ్చా. తాగారు. చాలా బావుందన్నారు. కప్పు కింద పెట్టి మళ్ళీ నిలబడ్డారు. నేనూ నిలబడ్డా. వాళ్ళు నా మొహం చూస్తున్నారు, నేను వాళ్ళ మొహం చూస్తున్నా. అప్పుడు పెద్దాయన మెల్లగా పక్కకొచ్చి, అమ్మా తిండి లోపలుందా అన్నారు.

ఉత్తర ఇంగ్లండులో టీ అంటే సాయంత్రం భోజనం అండి. ఇక్కడ పదేళ్ళ నుంచీ ఉంటున్నా, ఫార్మసీలో రోజూ ఈ జనంతోనే మాట్లాడుతున్నా, అయినా ఆ క్షణంలో బుర్రకి తట్టలేదు. పెద్దాయన ఒక్క మాట అన్లేదు, కారు తీసి ఎదురు వీధి షాపుకి వెళ్ళి నలభై మందికి చిప్స్, అంటే మన ఫ్రెంచ్ ఫ్రైస్, కట్టించుకొచ్చారు, సొంత డబ్బుతో. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ సిగ్గుతోనే తర్వాత శనివారం చికెన్ కూర, అన్నం వండుకుని వెళ్ళా. అలా ఆ వంటింట్లోకి వెళ్ళినదాన్ని ఇప్పటిదాకా బయటకి రాలేదు.

నవ్వుతున్నారు, నవ్వండి. కానీ ఆ భోజనం ఎందుకంటే, ఈ ఆటలో ఎనభై నిమిషాలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని, తర్వాత హోమ్ టీమ్ వాళ్ళు వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలి, అందరూ ఒకే బల్ల దగ్గర తినాలి. అది రూల్ పుస్తకంలో లేదు, ఆనవాయితీ. అన్నం లేకపోతే వచ్చినవాళ్ళు నేరుగా బస్సెక్కేస్తారు, వాళ్ళు వెళ్ళిపోతే బార్లో అమ్మకం ఉండదు, ఇలాంటి చిన్న క్లబ్బులకి బారే ప్రధాన ఆదాయం, బారు ఆడకపోతే ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు కట్టలేం, లైట్లు లేకపోతే ఈ దేశపు చలికాలంలో నాలుగింటికే చీకటి, ప్రాక్టీస్ లేదు, ప్రాక్టీస్ లేకపోతే టీమ్ లేదు. మొత్తం క్లబ్బు ఒక కూర గిన్నె మీద నిలబడి ఉంది అంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ నేను లెక్కల పుస్తకం చూసినదాన్ని. కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్ అని రిజిస్టర్ చేసుకుంటే బిజినెస్ రేట్స్‌లో, అంటే స్థలం మీద వేసే పన్నులో, 80 శాతం మాఫీ వస్తుంది, 2002 నుంచీ ఉంది ఆ స్కీము, అదే లేకపోతే మేము ఎప్పుడో మూసేసేవాళ్ళం.

అసలు అమెచ్యూర్ అంటే, డబ్బు తీసుకోకుండా ఆడటం అంటే, ఏంటో చెప్పాలి. ఇక్కడికి దగ్గరే, హడర్స్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ పక్కన జార్జ్ హోటల్ అని ఉంటుంది, మీలో చాలామంది ఆ స్టేషన్లో దిగి ఎక్కినవాళ్ళే. 1895 ఆగస్టులో ఉత్తరాది క్లబ్బులు అక్కడ కూర్చుని, ఆటని నడిపే రగ్బీ యూనియన్ సంస్థ నుంచి విడిపోయాయి. ఎందుకు? గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కుర్రాళ్ళు శనివారం ఆటకి వస్తే ఆ పూట కూలి పోతుంది, ఆ పోయిన కూలి ఇవ్వండి చాలు అన్నారు. లండన్ పెద్దమనుషులు వీల్లేదన్నారు, ఆటకి డబ్బు ముడితే మైల అన్నట్టు. అలా విడిపోయినవాళ్ళది రగ్బీ లీగ్ అయ్యింది, మిగిలినవాళ్ళది రగ్బీ యూనియన్. మాది యూనియన్ క్లబ్బు. సరిగ్గా వందేళ్ళకి, 1995లో, ఆ యూనియన్ వాళ్ళే ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వొచ్చు అన్నారు. కానీ ఆ డబ్బు పైన ఉన్న కాసిని క్లబ్బుల దాకానే. కింద మాలాంటి క్లబ్బుల్లో ఆటగాళ్ళకీ లేదు, గీతలు గీసేవాళ్ళకీ లేదు, గిన్నెలు కడిగేవాళ్ళకీ లేదు. పోయిన కూలి అడిగినవాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు. ఇవాళ మేము కూలి అడగట్లేదండి, మా పక్కన ఇంకో మనిషి నిలబడితే చాలంటున్నాం.

ఇప్పుడు నాకిష్టమైన కథ చెప్తా. మా ఇంట్లో వందసార్లు చెప్పా, మా ఆయన లేచి బయటకి వెళ్తున్నారు చూడండి.

కలకత్తా కప్ అని విన్నారా? ఏటా ఇంగ్లండ్‌కీ స్కాట్లాండ్‌కీ మధ్య జరిగే మ్యాచ్‌కి ఇచ్చే కప్పు. గత నెల కూడా జరిగింది, లండన్లో, 16-15, ఒక్క పాయింటు తేడాతో ఇంగ్లండ్ గెలిచింది, నాలుగేళ్ళుగా స్కాట్లాండ్ వాళ్ళే గెలుస్తూ వస్తున్నారు. టీవీలో చూసినవాళ్ళు ఆ కప్పుని ఒకసారి గుర్తుచేసుకోండి. పిడులు మూడు, మూడూ తాచుపాములు. మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ కొట్టుకునే కప్పు మీద మన పాము, మన ఏనుగు ఏం చేస్తున్నాయి?

1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఉన్న తెల్లవాళ్ళు రెండు జట్లుగా రగ్బీ ఆడారు. బాగుంది కదా అని 1873లో క్లబ్బు పెట్టారు. మొదట్లో జోరు మామూలు జోరు కాదు, ఎందుకంటే క్లబ్బులో తాగుడు ఫ్రీ. మన పెళ్ళిళ్ళలో చూడండి, ఐస్‌క్రీమ్ స్టాల్ దగ్గర ఉన్న జనం మండపం దగ్గర ఉండరు, అలాగన్నమాట. తర్వాత ఆ ఫ్రీ బారు ఎత్తేశారు, ఎత్తేయగానే సభ్యులు పలచబడ్డారు అని చెప్తారు. పైగా ఎండలు, పైగా ఆడే సైనికులు ఉన్న రెజిమెంట్ బదిలీ అయ్యింది, మిగిలినవాళ్ళు పోలో, టెన్నిస్ అని వెళ్ళిపోయారు. ఐదేళ్ళు తిరిగేసరికి, 1878 కల్లా, క్లబ్బు మూత.

ఇప్పుడు ఇది వినండి, నేను ఇదంతా చెప్పేది దీనికోసమే. క్లబ్బు మూసేటప్పటికి బ్యాంకులో డబ్బుంది! అప్పుల్లో పోయిన క్లబ్బు కాదు. ఖాతాలో వెండి రూపాయలు ఉన్నాయి, ఆడే మనుషులు లేరు, నడిపే మనుషులు లేరు. ఏం చెయ్యాలో తెలీక ఆ రూపాయలన్నీ డ్రా చేసి, 270 రూపాయలు, కరిగించి, అక్కడి పనివాళ్ళ చేత ఈ కప్పు చేయించి లండన్లో యూనియన్‌కి ఇచ్చేశారు. 1879 నుంచి దానికోసం ఆడుతున్నారు. 1988లో అయితే మ్యాచ్ రాత్రి ఇద్దరు ఆటగాళ్ళు ఎడిన్‌బరా వీధుల్లోకి పట్టుకెళ్ళి దాన్ని తన్నుకుంటూ ఆడారు, సొట్టలు పడింది, అది వేరే కథ. ఎనభై వేల మంది స్టేడియంలో కూర్చుని చప్పట్లు కొట్టే ఆ కప్పు, మనుషుల్లేక చచ్చిపోయిన ఒక చిన్న క్లబ్బు తాలూకు మిగులు డబ్బు అండి. టీవీలో ఆ కప్పు చూపించినప్పుడల్లా నాకు మా క్లబ్బు బ్యాంకు ఖాతా గుర్తొస్తుంది. మాది కరిగిస్తే కప్పు కాదు, ఉగాది పచ్చడి గిన్నె కూడా రాదు, అది వేరే విషయం.

ఏంటండీ చీటీ? "టైమ్ అయిపోయింది". సరే సరే, ఐదు నిమిషాలు. డాన్సు పిల్లలు ఇంకా మేకప్‌లో ఉన్నారని నాకు తెలుసు, ఇప్పుడే చూసొచ్చా.

డబ్బు గురించి అన్నా కాబట్టి ఒక కోపం కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో ఈ ఆట మొత్తాన్ని నడిపే యూనియన్‌కి 2023-24లో ఆపరేటింగ్ నష్టం 3 కోట్ల 79 లక్షల పౌండ్లు. అదే ఏడాది దాని చీఫ్ ఎగ్జిక్యూటివ్‌కి బోనస్‌తో కలిపి ముట్టింది 11 లక్షల పౌండ్లు. పేపర్లన్నీ రాశాయి. చిన్న క్లబ్బులు కడుపు మండి ప్రత్యేక సమావేశం పెట్టించాయి, మొన్న గురువారమే, 27న, ఆయన మీద పెట్టిన అవిశ్వాస తీర్మానానికి ఓటింగ్ అయ్యింది. తీర్మానానికి అనుకూలంగా 206, వ్యతిరేకంగా 466. వీగిపోయింది. మా క్లబ్బు ఎటు ఓటేసిందో చెప్పను, కమిటీలో ఉన్నా కాబట్టి. నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది. అంటే నేను అనేది ఆయన తప్పా ఒప్పా అని కాదు, పై క్లబ్బులు కూడా ఏమంత బావున్నాయని, వూస్టర్, వాస్ప్స్ 2022లో దివాలా, తర్వాత ఏడాది లండన్ ఐరిష్, అన్నీ జీతాలిచ్చే పెద్ద క్లబ్బులే. మాకు జీతాల గోల లేదు. మాకు శుక్రవారం రాత్రి గోల.

శుక్రవారం రాత్రి పదిన్నరకి వాట్సాప్ మోగుతుంది. "సారీ, రేపు రాలేను". ఇంకో పది నిమిషాలకి ఇంకోటి. పదిహేను మంది ఉండాల్సిన చోట పదమూడు అవుతారు. ఎవర్నో ఒకర్ని లాక్కొద్దాం అంటే ఈ ఆటలో అది కుదరదు, స్క్రమ్ అని ఉంటుంది కదా, ఎనిమిది మంది ఇటు ఎనిమిది మంది అటు తలలు దూర్చి తోసుకుంటారే, అందులో ముందు వరస ముగ్గురూ ట్రైనింగ్ ఉన్నవాళ్ళే అయ్యుండాలి, మెడ మీద బరువంతా వాళ్ళదే. అలాంటి ముగ్గురు లేకపోతే స్క్రమ్‌లో తోసుకోవద్దు, ఉత్తినే నిలబడండి అంటారు రిఫరీ. ఒకసారి మా ముందు వరస కుర్రాడు భార్య పురిటికి వెళ్ళాడు. వెళ్ళాలి కదా మరి. వాడి ప్లేసుకి నలభై ఆరేళ్ళ ప్లంబర్ని, రిటైర్ అయ్యి మూడేళ్ళయిన మనిషిని, మా సెక్రటరీ గారు రాత్రి పదకొండింటికి వాళ్ళింటి తలుపు కొట్టి ఒప్పించారు. ఆయన ఆడాడు, సోమవారం మా ఫార్మసీకి నడుం నొప్పి మందుకి వచ్చాడు. డిస్కౌంట్ ఇవ్వలేకపోయా, అది నా షాపు కాదు.

పెద్దాయన గురించి చెప్పాలి. ఆయన ఫిక్చర్స్, అంటే ఎప్పుడు ఎవరితో మ్యాచ్ అనేది, చూస్తారు, రిఫరీకి ఫోన్ చేస్తారు, శనివారం పొద్దున్న ఆరింటికి వెళ్ళి గ్రౌండు మీద తెల్ల గీతలు గీస్తారు. ముప్ఫై ఏళ్ళుగా. నాకు చాలాకాలం ఆ గీతలు వాటంతటవే ఉంటాయనిపించేది, రోడ్డు మీద గీతల్లాగా. వానకి కొట్టుకుపోతాయని, మళ్ళీ మళ్ళీ గియ్యాలని ఎప్పుడూ ఆలోచించలేదు. పోయిన ఏడాది నవంబర్లో ఆయనకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి వంట సామాన్లతో వెళ్తే గ్రౌండు అంతా పచ్చగా ఉంది, గీత లేదు. ఒంటి గంటకి మ్యాచ్. ఇరవై మంది గ్రూపులో మెసేజ్ పెట్టా, ఇరవై నీలం టిక్కులు వచ్చాయి, ఒక్క మనిషి రాలేదు.

నేను అనుకున్నా, ఏముంది, సంక్రాంతికి ఇరవై ఒక్క చుక్క ముగ్గు వేసినదాన్ని. మెషీన్ తీశా. అది ఒక తోపుడు బండి, పెయింటు పోసి తొయ్యాలి, తాడు కట్టి మేకులు కొట్టి తాడు వెంబడి తొయ్యాలి. వంద మీటర్ల పొడుగు, డెబ్భై మీటర్ల వెడల్పు, మధ్య గీత, పది మీటర్ల గీతలు తెగిపోతూ తెగిపోతూ ఉండాలి, ఇరవై రెండు మీటర్ల గీత. మన ముగ్గులో చెయ్యి వంకర పోతే అక్కడ ఒక పువ్వు పెట్టేస్తాం కదా. ఇక్కడ పువ్వు పెట్టడానికి లేదు. చేతులు మంచుకి కొయ్యబారాయి, ఒక చోట తాడు జారినట్టుంది, నాకు తెలీలేదు, తోసుకుంటూ పోయా. రిఫరీ వచ్చి బూట్లు తడుముకుంటూ గ్రౌండు చుట్టూ నడిచి, ఇరవై రెండు గీత దగ్గర ఆగి, కాసేపు అలాగే చూసి, "మీ 22 ఇక్కడ 25 అయ్యింది" అన్నాడు. ఆ రోజు ఆ వంకర గీత పుణ్యమా అని మాకో పెనాల్టీ వచ్చింది, మూడు పాయింట్లు, అవతలి కెప్టెన్ ఇప్పటికీ నన్ను చూస్తే చేత్తో వంకరగా గీసి చూపిస్తాడు.

ఆ సాయంత్రం పెద్దాయన్ని హాస్పిటల్లో చూడ్డానికి వెళ్ళి గీతల సంగతి చెప్పా. ఆయన నవ్వలేదు. కాసేపు కిటికీ వైపు చూసి, నేను ముందే ఎవరికైనా నేర్పి ఉండాల్సింది, నా తప్పే అన్నారు. ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి నా తప్పు అంటాడండి. కార్లో కూర్చునే వాళ్ళెవరం అనలేదు ఆ మాట.

మా నాన్నగారు గుర్తొచ్చారు నాకు. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిరి ఆయనే వేయించేవారు. చందా పుస్తకం చంకలో పెట్టుకుని ఉగాది మర్నాటి నుంచీ ఇల్లిల్లూ తిరగడం, తాటాకులు కొట్టించడం, రాటలు పాతించడం, మైకు సెట్టు వాడితో బేరం. ఇంట్లో అమ్మ తిట్టేది, మీకు తప్ప ఊళ్ళో ఎవరికీ రాముడు అక్కర్లేదా అని. పెళ్ళి చూడ్డానికి ఊరంతా వచ్చేది, పానకం, వడపప్పు తీసుకునేది, ఎండ ఎక్కువైందనీ పానకంలో మిరియం ఘాటు తక్కువైందనీ అనేది. నాన్నగారికి కాళ్ళు పట్టేశాక రెండేళ్ళు ఎవరూ ముందుకి రాలేదు. ఇప్పుడు ఎవరికో కాంట్రాక్టు ఇస్తున్నారట, షామియానా వేస్తున్నారట, బానే ఉంటుందట.

సరే. తల్లులకి ఒక భయం ఉంటుంది, అది కూడా మాట్లాడాలి, దెబ్బలు. దాచను. 2003లో వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ టీములో స్క్రమ్ మధ్యలో ఆడిన స్టీవ్ థాంప్సన్, నలభైల్లోనే డిమెన్షియా వచ్చి, ఆ కప్పు గెలిచింది తనకి గుర్తు లేదని చెప్పారు. నేను మందుల షాపులో పనిచేసేదాన్ని, నాకు తెలీదా భయం. అందుకే చెప్తున్నా, మీ ఏడేళ్ళ పిల్లలు ఆడేది నడుముకి కట్టిన రిబ్బన్ని లాగేసే ట్యాగ్ రగ్బీ, ట్యాకిల్, అంటే మనిషిని పట్టుకుని పడెయ్యడం, నేర్పడం అండర్ నైన్స్‌లోనే మొదలు. పెద్దవాళ్ళకి కూడా 2023 నుంచి మా లెవెల్లో ఛాతీ ఎముక అడుగు భాగం కన్నా పైన పట్టుకుంటే తప్పు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, బయటకి, ఆ తర్వాత కనీసం 21 రోజులు మ్యాచ్ లేదు. ఈ రూల్ ఎవరు అమలు చేస్తారు? గీత బయట నిలబడి చూసే మనిషి. పిల్లాడు నాకేం కాలేదు అంటాడు, కోచ్ గెలుపు హడావిడిలో ఉంటాడు, పక్కన ఒక మనిషి ఆగండి ఆగండి అనాలి. ఆ మనిషి లేకపోతేనే ప్రమాదం అండి, ఆట వల్ల కాదు. భయపడే తల్లి కంటే ఆ పనికి పనికొచ్చేవాళ్ళు నాకు కనపడలేదు.

"సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాం కదా" అని ఒకాయన అన్నారు నాతో, ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను, దగ్గకండి. కడుతున్నారు, నిజమే. ఆ డబ్బు ఇన్సూరెన్సుకి, బంతులకి, గడ్డి కోతకి సరిపోతుంది. ట్యూషన్ ఫీజు లాంటిది కాదు అది, ఎవరి జీతంలోకీ వెళ్ళదు. క్లబ్బులో కస్టమర్లు, సర్వీసు అని ఉండవు. మీరు కట్టేది చందా. అందుకే చందా పుస్తకం గురించి చెప్పా ఇందాక.

ఇంకో మాట, ఆడపిల్లల తల్లిదండ్రులు వినండి. ఈ ఆగస్టులో ఆడవాళ్ళ రగ్బీ వరల్డ్ కప్ ఇంగ్లండ్‌లోనే, మొదటి మ్యాచ్ సండర్లాండ్‌లో, కొన్ని మ్యాచులు మన యార్క్‌లో కూడా. మీ అమ్మాయిలు టీవీలో చూస్తారు, సెప్టెంబర్లో మా గేటు దగ్గరికి వస్తారు నేనూ ఆడతానని. వాళ్ళకి నేర్పడానికి ఆడవాళ్ళు లేరని తిప్పి పంపాలా? కబడ్డీ ఆడినవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఎత్తండి, పర్లేదు, పట్టుచీరే అయినా. ఒకటి, రెండు, ఆ వెనకాల, నాలుగు, ఆరు! కాళ్ళు పట్టుకుని పడెయ్యడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కోర్సు ఉంటుంది, మీ మీద పోలీసు రికార్డు ఏమీ లేదని చూసే డీబీఎస్ చెక్ ఉంటుంది, ఆ కాగితాలన్నీ నేను చూసుకుంటా, అది నా పనే ఇప్పుడు. టీతో మొదలెట్టి పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ ఆఫీసర్ దాకా వచ్చా, జీతం మాత్రం అంతే ఉంది, సున్నా.

రెండో చీటీ వచ్చింది. అయిపోయింది అండి, అయిపోయింది.

నాకు కావాల్సింది నలుగురు. అండర్ నైన్స్‌కి ఇద్దరు, గీతల మెషీన్ దగ్గర ఒకళ్ళు, పెద్దాయన నేర్పుతానంటున్నారు, కుర్చీలో కూర్చుని నేర్పుతారు. వంటింట్లో ఒకళ్ళు. వారం మొత్తం కాదు, రెండు గంటలు. కాగితం ఉగాది పచ్చడి గిన్నె పక్కన పెట్టా, పెన్ను దారంతో బల్లకి కట్టా, ఎందుకంటే మన సభల్లో పెన్నులు ఇంటికి వెళ్ళిపోతాయి. వచ్చే ఆదివారం శ్రీరామనవమి అని నాకు తెలుసు, గుడికి వెళ్ళాలి అంటారని తెలుసు. గుడిలో కల్యాణం పన్నెండింటికి, మా పిల్లల ప్రాక్టీసు పదింటికి, పదకొండున్నరకి వదిలేస్తా. పానకం క్లబ్బుకి నేనే తెస్తున్నా, నలభై మందికి, ఈసారి అడిగి మరీ కనుక్కున్నా, తిండి కూడా ఉంది. పార్కింగ్ గేటు దాటాక ఎడమ పక్కన. పాత బూట్లు వేసుకు రండి, వారమంతా వాన అంటున్నారు.